ట్యాంకు ఖాళీ చేసేది కొత్తవాళ్లు కాదు

ఇంధనం అయిపోయి చిన్న విమానం కూలిందంటే, నేర్చుకునే కుర్రాడెవడో చేసిన నిర్వాకమే అనుకుంటాం. లెక్కలు తీస్తే తేలేది వేరు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2011-2015 నాటి ప్రమాదాలను పరిశీలించి 2017లో ఒక హెచ్చరిక విడుదల చేసింది. ఇంధనం సంగతి సరిగా చూసుకోక ఏటా సగటున 50కి పైగా ప్రమాదాలు. వాటిలో 95 శాతంలో మనిషి తప్పు కారణమో, ఒక కారణమో. ఆ పైలట్లలో దాదాపు సగం మంది కమర్షియల్ లేదా అంతకు పై లైసెన్సు ఉన్నవాళ్లే. విద్యార్థులు 2 శాతమే.

చెయ్యి తిరిగినవాళ్లకు ఈ గతి ఎందుకు పడుతుంది? ఎవరి లెక్కయినా తేలిగ్గా తప్పుతుంది. 400 కిలోమీటర్ల ప్రయాణం అనుకుందాం. గంటకు 200 కిలోమీటర్ల వేగమైతే రెండు గంటలు. 40 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలిందా, రెండున్నర. పగటిపూట కనుచూపు మీద ఆధారపడి నడిపేవాళ్లు అదనంగా ఉంచుకోవాలని అమెరికా నిబంధనలు చెప్పే ఇంధనం కూడా సరిగ్గా అరగంటకే. ఒక్క గాలికే అది హరించుకుపోయింది. ఇక దారి తప్పినా, దిగాల్సిన చోట రన్‌వే ఖాళీ లేకపోయినా అంతే సంగతులు. మూడు వేల అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగితే సెస్నా 172 లాంటి విమానం ఎనిమిది కిలోమీటర్ల దాకా తేలుతూ వెళ్లగలదు. చేతిలో ఉండేది నాలుగైదు నిమిషాలు. కింద పొలం ఉంటే అదృష్టం.

అన్నిసార్లూ ట్యాంకులు ఎండిపోవు. ఆ ప్రమాదాల్లో 56 శాతం ఇంధనం పూర్తిగా అయిపోయి జరిగినవైతే, 35 శాతం విమానంలో ఇంధనం ఉండీ ఇంజిన్‌కు అందనివి. ఈ రెండో రకానికి పేరుమోసిన ఉదాహరణ ‘టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్’ గాయకుడు జాన్ డెన్వర్. ఆయనకు 2,700 గంటలకు పైగా విమానం నడిపిన అనుభవం ఉంది. కొత్తగా కొన్న లాంగ్-ఈజీ విమానంలో ట్యాంకు మార్చే వాల్వ్, డిజైన్‌లో చూపినట్టు పైలట్ కాళ్ల మధ్య కాకుండా ఎడమ భుజం వెనకాల ఉంది. తయారుచేసినాయన అలా బిగించాడు. పిడికి పట్టకారు తగిలించి చూసినా చెయ్యి అందలేదు. ఇంధనం చూపే గేజులూ వెనకే, వాటి మీద గుర్తులు కూడా లేవు.

1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలోని మాంటెరేలో మెకానిక్ ఇంధనం తక్కువగా ఉందని చెబితే, గంటసేపే కదా, అక్కర్లేదన్నారు డెన్వర్. గాల్లో ట్యాంకు మార్చడానికి వెనక్కి మెలితిరిగితే కుడికాలు తెలియకుండానే పెడల్‌ను నొక్కుతుంది. అలా విమానం కుడికి తిరిగి, ముక్కు కిందికి వాలి పసిఫిక్ సముద్రంలో పడింది. ఆయన వయసు 53.

వాల్వ్‌ను అందని చోట పెట్టడాన్ని దర్యాప్తు తప్పుపట్టింది. ఆ విమానంపై తగిన శిక్షణ లేకపోవడాన్నీ ఎత్తిచూపింది. కానీ బయల్దేరే ముందు ఇంధనం పోయించుకోకపోవడాన్ని ప్రమాద కారణాల్లోనే రాసింది.