గల్ఫ్‌లో తొలి అడుగులు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి సౌదీ అరేబియాకు వెళ్లే కార్మికులు ముందుగా పొందవలసింది నివాస గుర్తింపు కార్డు. దీన్నే మనవాళ్లు అకామా అంటారు. దాన్ని తీయించే బాధ్యత, ఖర్చు యజమానివే. ఆ యజమానిని కఫీల్ అంటారు. కార్డు చేతికి రాగానే అందులోని పని పేరు ఒప్పందపత్రంతో సరిపోయిందో లేదో చూసుకోవాలి.

ఊళ్లో చేసిన అప్పు త్వరగా తీరాలని కొందరు కఫీల్‌ను వదిలి, ఎక్కువ జీతానికి వేరేచోట చేరతారు. చట్టప్రకారం బదిలీ కాకుండా ఇలా చేరినవారినే ఖల్లివెల్లి అంటారు. పట్టుబడితే జైలుకు పంపవచ్చు, దేశం నుంచి పంపించివేయవచ్చు.

జీతం అందకపోయినా చెప్పకుండా వెళ్లిపోకూడదు. భారత రాయబార కార్యాలయానికి గాని, 2015లో మొదలైన మదద్ పోర్టల్‌లో గాని ఫిర్యాదు చేయాలి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందపత్రం నకళ్లు ఇంట్లో ఉంటే కుటుంబసభ్యులే ఇక్కడి నుంచి ఫిర్యాదు చేయగలరు.