బ్రిటన్ చదువుకు వెళ్ళే బిడ్డకు భోజనం పెట్టే హాస్టలా, సొంత వంటా?



గత నెల ఓ.పి.లో బి.పి. చూపించుకోవడానికి వచ్చిన ఒక తల్లి, మందుల చీటీ తీసుకున్నాక సంచిలోంచి ఒక ఫారం తీశారు. వారి అమ్మాయికి బ్రిటన్‌లో ఎం.ఎస్సి. సీటు వచ్చింది. వసతి ఫారంలో ‘కేటర్డ్’, ‘సెల్ఫ్ కేటర్డ్’ అని రెండు గళ్ళున్నాయి. "దేనికి టిక్కు పెట్టమంటారు డాక్టరమ్మగారూ? పిల్లకు రక్తం తక్కువుందని మొన్న మీరే అన్నారు కదా" అని అడిగారు.

కేటర్డ్ అంటే అద్దెలోనే భోజనం ఖర్చు కలిసి ఉంటుంది. అయితే మన హాస్టల్ మెస్‌లాగా మూడు పూటలూ పెడతారనుకోవద్దు. చాలాచోట్ల ఉదయం ఫలహారం, సాయంత్రం భోజనం మాత్రమే. శని, ఆదివారాల సంగతి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. డర్హమ్, సెయింట్ ఆండ్రూస్ వంటి పాత విశ్వవిద్యాలయాల్లో ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది. సెల్ఫ్ కేటర్డ్‌లో గది ఎవరిది వారిదే గాని, వంటగది సాధారణంగా కొందరికి కలిపి ఒకటే. ఫ్రిజ్‌లో ఒక అర మీ బిడ్డది.

కేటర్డ్‌కు అద్దె ఎక్కువ. కాని డబ్బు కంటే ముందు వేళలు చూడాలి. అక్కడ రాత్రి భోజనం మనం టీ తాగి లేచే వేళకే మొదలవుతుంది. డిగ్రీ, పి.జి. విద్యార్థులకు సాధారణంగా చదువు రోజుల్లో వారానికి 20 గంటల వరకు పని చేసుకునే వీలుంది. మన పిల్లలు ఎక్కువగా సాయంత్రం షాపుల్లో చేరతారు. డబ్బు కట్టిన భోజనం అక్కడ చల్లారుతుంటే, బిడ్డ ఇక్కడ చిప్స్ పొట్లంతో సరిపెట్టుకుంటుంది.

అలాగని సొంత వంట దానంతటదే మంచిది కాదు. గరిటె పట్టని పిల్లలు బ్రెడ్డు, నూడుల్స్, ఆవకాయ అన్నంతో నెలలు గడిపేస్తారు. రక్తహీనత ఉన్న ఆడపిల్లకు ఇది ప్రమాదమే. గుడ్లు, ఎర్ర కందిపప్పు, డబ్బా రాజ్మా, ఫ్రీజర్ పాలకూర అక్కడ ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతాయి. భోజనంతోపాటు నారింజ తింటే ఇనుము బాగా ఒంటబడుతుంది. టీ తాగితే తగ్గుతుంది.

ఇక అన్నం సంగతి. ఆదివారం కుక్కర్ నిండా వండి, మూతపెట్టి గట్టు మీదే వదిలేసి మరునాడు కూడా తినే పిల్లలున్నారు. బియ్యంలో ఉండే ఒక సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం బయట ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. కొన్ని గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. చద్దన్నం తిని పెరిగినవాళ్ళం, మాకేమైంది అని పెద్దలు నవ్వవచ్చు. అయినా పిల్లలకు చెప్పండి: వండిన గంటలోగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, మరునాటికి తినేయాలి, ఒక్కసారే వేడిచేయాలి.

ఇన్సులిన్ తీసుకునే పిల్లలకు నా సలహా వేరు. మొదటి ఏడాది వేళకు భోజనం దొరికే కేటర్డ్ మేలు, సాయంత్రం పని పెట్టుకోకపోతేనే. నలుగురూ వాడే ఫ్రిజ్‌లో ఇన్సులిన్ గడ్డకట్టవచ్చు, ఎవరైనా తీసి బయట పెట్టనూవచ్చు. గదిలోకి చిన్న ఫ్రిజ్ ఇస్తారేమో డాక్టరు ఉత్తరంతో ముందే అడగండి.

ఎండ తక్కువ దేశం. మన రంగు వారు ఏడాది పొడవునా రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్-డి వేసుకోవడం గురించి ఆలోచించాలని అక్కడి ఆరోగ్యశాఖే చెబుతోంది. ఇది రెండు రకాల వసతులకూ వర్తిస్తుంది. అన్నట్టు, చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా పెట్టెలో సర్దకండి. ఇక్కడి నుంచి మాంసం, పాల పదార్థాలు ఆ దేశంలోకి రానివ్వరు. కందిపొడి కట్టివ్వండి.

ఆ తల్లిని నేనొకటే అడిగాను, "అమ్మాయికి వంట వచ్చా?" అని. ఆమె నవ్వి, "టీ పెడుతుంది" అన్నారు. ప్రయాణానికి రెండు నెలల వ్యవధి ఉంది, అమ్మాయి సాయంత్రాలు పని చేయాలనుకుంటోంది. అందుకే సెల్ఫ్ కేటర్డ్‌కే టిక్కు పెట్టమన్నాను. పప్పు, గుడ్డు కూర, ఆకుకూర, చపాతీ, ఈ నాలుగూ రేపటి నుంచే ఆమె చేతే చేయించండి, పొగ ఎక్కువ రాకుండా పోపు పెట్టడం కూడా నేర్పండి అన్నాను. అక్కడ పొగ అలారం మోగితే అర్ధరాత్రయినా అందరూ చలిలో బయటికి రావాలి. ఐరన్ మాత్రలు మానకుండా, బయలుదేరే ముందు మరోసారి రక్తపరీక్షకు తీసుకురమ్మన్నాను.