ఫ్యాను తిరిగింది, బొమ్మ రాలేదు

"డిస్‌ప్లే నహీ ఆ రహా హై." భిలాయిలో ఏ కంప్యూటర్ రిపేరు దుకాణం ముందు కాసేపు నిలబడ్డా ఈ మాట వినపడుతుంది. మా సెక్టార్లలోని తెలుగు ఇళ్లలో దీన్నే "బొమ్మ రావట్లేదు" అంటారు. ఈ వేసవి సెలవుల్లో మా ఇంట్లోనూ వినపడింది. పదకొండో క్లాసు పూర్తిచేసిన మా మనవరాలు మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎంపీఎస్, కేబినెట్ అన్నీ విడివిడిగా కొనిపించుకుంది. హాల్లో చాప పరుచుకుని కూర్చుని తనే సిస్టమ్ బిగించింది. బటన్ నొక్కింది. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. రంగురంగుల లైట్లు వెలిగాయి. మానిటర్ మాత్రం "నో సిగ్నల్" అని చూపించి నల్లబడిపోయింది.

"తాతయ్యా, మానిటర్ పోయింది. మార్చేద్దాం."

"పోయిన మానిటర్ 'నో సిగ్నల్' అని రాసి చూపిస్తుందా తల్లీ?" అన్నాను.

ఆ అక్షరాలు కనపడ్డాయంటే తెర బాగానే ఉంది, దానికి కరెంటూ అందుతోంది. తనకు ఇవతలి నుంచి ఏమీ రావడం లేదని అది ఉన్నమాటే చెబుతోంది. కంప్యూటర్ చేసే పనుల వరసలో బొమ్మ చూపించడం బాగా చివర్లో వస్తుంది. దానికి ముందు జరగాల్సినవి చాలా ఉన్నాయి, వాటిలో ఏది ఆగినా తెర నల్లగానే ఉంటుంది. అందుకని "ఏది పాడైంది?" అని మొదలుపెడితే దారి దొరకదు. "ఎక్కడిదాకా వచ్చి ఆగింది?" అని అడగాలి.

ఈ ప్రశ్న అడగడం నాకు ప్లాంటు నేర్పింది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో కట్టిన ఉక్కు కర్మాగారం మాది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. నేను ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో ఉండేవాణ్ని. రోలింగ్ మిల్లులో పెద్ద మోటారు బటన్ నొక్కగానే తిరగదు. ముందు బేరింగులకు నూనె పంపే పంపు నడవాలి. నూనె ఒత్తిడి సరిపడా ఉందని సంకేతం రావాలి. అప్పుడే మోటారుకు అనుమతి. దీన్ని ఇంటర్‌లాక్ అంటారు. మోటారు తిరగడం లేదని ఫోన్ వస్తే మేం స్పానర్లు పట్టుకుని మోటారు మీద పడేవాళ్లం కాదు. ఏ అనుమతి దగ్గర ఆగిందో ముందు చూసేవాళ్లం. కంప్యూటర్ లోపల కూడా ఇలాంటి అనుమతుల వరసే ఉంది. మా మనవరాలికి చెప్పిన క్రమంలోనే మీకూ చెబుతాను.

గోడ ప్లగ్గులో ఉండేది 230 వోల్టుల ఏసీ. ఎస్ఎంపీఎస్ దాన్ని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మారుస్తుంది. దాని వెనక స్విచ్చి వేసి ఉంటే చాలు, కంప్యూటర్ ఆపేసి ఉన్నా ఊదారంగు తీగలో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. కేబినెట్ ముందున్న బటన్ మన గోడ స్విచ్చిలాగా కరెంటును కలిపేది, తెంపేది అనుకుంటారు చాలామంది. అది మదర్‌బోర్డుకు కబురు పంపుతుంది, అంతే. కబురు అందగానే బోర్డు ఆకుపచ్చ తీగను సున్నా వోల్టులకు దించుతుంది. దాంతో ఎస్ఎంపీఎస్ పని మొదలుపెట్టి, తన వోల్టేజీలన్నీ నిలకడకు వచ్చాక బూడిదరంగు తీగ మీద "పవర్ గుడ్" అనే సంకేతం ఇస్తుంది. ఇందుకు సెకనులో పదో వంతు నుంచి అర సెకను దాకా పడుతుంది. ఆ సంకేతం వచ్చేదాకా ప్రాసెసర్‌కు కదిలే అనుమతి లేదు. ఇప్పటి కేబుళ్లలో చాలావాటికి తీగలన్నీ నల్లగానే ఉంటాయి కానీ, ఏ పిన్నుకు ఏ పని అన్నది మారలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఫ్యాన్లు తిరిగాయంటే 12 వోల్టులు వచ్చాయని మాత్రమే రుజువు. ఫ్యాను తిరగడానికి ప్రాసెసర్ అక్కర్లేదు, ర్యామ్ అంతకన్నా అక్కర్లేదు. "అన్నీ తిరుగుతున్నాయి కదా, లోపల అంతా బాగున్నట్టే" అనుకుంటే మొదటి మెట్టు మీదే నిలబడి మేడెక్కేశాం అనుకున్నట్టు.

తర్వాతిది ప్రాసెసర్‌కు తిండి. 12 వోల్టులు నేరుగా ఇస్తే అది మాడిపోతుంది. దానికి కావలసింది సుమారు 1.2 వోల్టులు. 120 వాట్లు వాడుకునే ప్రాసెసర్ అనుకుందాం. 120ని 1.2తో భాగించండి, 100 ఆంపియర్లు వస్తుంది. మన స్నానాలగదిలోని 2000 వాట్ల గీజరు తీసుకునేది 9 ఆంపియర్ల లోపే. అరచేతిలో మూడో వంతు కూడా లేని చిప్పులోకి 100 ఆంపియర్లు! అంత కరెంటును దూరం నుంచి తీగల్లో తేవడం కష్టం కాబట్టి, సాకెట్ పక్కనే 12 వోల్టులను దించే సర్క్యూట్ పెడతారు. దానికి విడిగా 4 లేదా 8 పిన్నుల కనెక్టర్ ఉంటుంది, బోర్డు పై మూలలో. 24 పిన్నుల పెద్ద కనెక్టర్ పెట్టేసి ఈ చిన్నదాన్ని మరిచిపోవడం కొత్తగా బిగించేవాళ్లలో మామూలే. అప్పుడు ఫ్యాన్లు తిరుగుతాయి, ప్రాసెసర్ మాత్రం లేవదు. గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే 8 పిన్నుల కనెక్టర్ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది కానీ, దానిలో ప్లస్సు, గ్రౌండు తారుమారుగా ఉంటాయి. గాడులు కలవకపోతే బలవంతంగా నొక్కకండి.

మా మనవరాలు ఆ కనెక్టర్ సరిగ్గానే పెట్టింది. ముందుకెళ్లాం.

పవర్ గుడ్ వచ్చాక ప్రాసెసర్ కళ్లు తెరిచి ఎప్పుడూ ఒకే చిరునామాకు వెళుతుంది. అక్కడ బయోస్ చిప్పులోని ప్రోగ్రాం మొదటి ఆజ్ఞ ఉంటుంది. ఆ ప్రోగ్రాం ముందుగా చేసే పెద్ద పని ర్యామ్‌ను సిద్ధం చేయడం. అంతదాకా ప్రాసెసర్ తనలోనే ఉన్న కొద్దిపాటి కాష్ మెమరీతో నెట్టుకొస్తుంది. ర్యామ్ సిద్ధమయ్యాకే గ్రాఫిక్స్ వంతు. అంటే ర్యామ్ దగ్గర ఆగితే, "ర్యామ్ దగ్గర ఆగాను" అని తెర మీద రాయడానికి కూడా దానికి వీల్లేదు.

మరి ఎలా చెబుతుంది? 1981 ఆగస్టులో ఐబీఎం తన మొదటి పర్సనల్ కంప్యూటర్ తెచ్చినప్పుడే దీనికి ఉపాయం ఆలోచించారు. లోపల చిన్న స్పీకర్ పెట్టారు. ఒక్క పొట్టి బీప్ వస్తే అంతా క్షేమం, మరో రకంగా మోగితే ఫలానా లోపం. ఇప్పటి కేబినెట్లలో చాలావాటికి ఆ స్పీకర్ లేదు. బదులుగా చాలా బోర్డుల మీద నాలుగు చిన్న ఎల్ఈడీలు ఉంటాయి, పక్కన సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసి. వరసగా ఒక్కోటి వెలిగి ఆరిపోవాలి. ఏది ఆరకుండా ఉండిపోతే అక్కడ ఆగినట్టు.

"రంగు లైట్లన్నీ చూశావు, ఈ లైటు చూడలేదేం?" అని బోర్డు అంచున చూపించాను. డీర్యామ్ దగ్గర నిలకడగా వెలుగుతోంది.

"అంటే ర్యామ్ పాడైందా?"

"ర్యామ్ దగ్గర ఆగింది. పాడైందో లేదో ఇంకా తెలీదు."

ప్లగ్గు తీసేసి టార్చి వెలుతురు పక్కనుంచి వేసి చూశాం. కొన్ని బోర్డుల్లో ర్యామ్ స్లాట్‌కు ఒకవైపే క్లిప్పు ఉంటుంది. ఆ వైపు "టక్" అని వినపడగానే ఆమె ఆపేసింది. రెండోవైపు వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. డీడీఆర్4 ర్యామ్‌కు 288 కాంటాక్టులు, ఒకదానికీ పక్కదానికీ మధ్య దూరం 0.85 మిల్లీమీటర్లు. అంత ఒత్తుగా ఉన్నచోట కాస్త వంకరగా కూర్చున్నా కొన్ని తగలవు. తీసి, రెండు చివర్లా బొటనవేళ్లు పెట్టి సమానంగా నొక్కించాను.

స్లాటు కూడా చూడాలి. నాలుగు స్లాట్ల బోర్డులో ఒకటే ర్యామ్ ఉంటే సాధారణంగా ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండోదాంట్లో పెట్టమంటారు. చాలా బోర్డుల్లో ఒక ఛానల్ తీగలు మొదటి స్లాట్ మీదుగా రెండోదాకా వెళతాయి. చివరి స్లాట్ ఖాళీగా వదిలేస్తే సంకేతాలు అక్కడిదాకా వెళ్లి వెనక్కి తిరిగొచ్చి అసలు సంకేతాన్ని చెదరగొడతాయి. ఇది మాత్రం మనవరాలు మాన్యువల్ చూసే పెట్టింది.

మళ్లీ బటన్ నొక్కింది. డీర్యామ్ లైటు వెలిగి ఆరింది. వీజీఏ లైటు వెలిగి ఉండిపోయింది. తెర ఇంకా నలుపే.

"తాతయ్యా, మళ్లీ పోయింది!"

"పోలేదు, ఒక గడప దాటింది. ఇప్పుడు ఎక్కడుంది చెప్పు?"

తనే వెనక్కి తిప్పి చూసింది. హెచ్‌డీఎంఐ కేబుల్ పైన మదర్‌బోర్డు పోర్టుకు ఉంది. ఆమె కొన్నది ఇంటెల్ వాళ్ల, పేరు చివర "ఎఫ్" ఉన్న ప్రాసెసర్. దానిలో సొంత గ్రాఫిక్స్ పనిచేయదు. అలాంటప్పుడు బోర్డు మీది హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నా లేనట్టే. కొన్ని బోర్డులు కార్డుకు మానిటర్ తగిలించకపోయినా వీజీఏ లైటునే వెలిగిస్తాయి. కేబుల్ తీసి కింద గ్రాఫిక్స్ కార్డు పోర్టులో పెట్టింది. బయోస్ తెర వచ్చేసింది. ఏ వస్తువూ మార్చలేదు, ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

మీ ఇంట్లో ఇంత తేలిగ్గా తేలకపోవచ్చు. అప్పుడు చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. డీడీఆర్5 ర్యామ్ అయితే మొదటిసారి బోర్డు దానికి సరిపడే సమయాలను కొలుచుకుంటూ నిమిషాల తరబడి తెర నల్లగా ఉంచగలదు. కంగారుపడి మధ్యలో ఆపకండి. బోర్డు పాతది, ప్రాసెసర్ తర్వాత వచ్చినది అయితే ఆ బయోస్‌కు ఆ ప్రాసెసర్ తెలియకపోవచ్చు. తయారీదారు వెబ్‌సైట్లో ఏ వెర్షన్ కావాలో ఉంటుంది. సెట్టింగులు మార్చాక తెర పోయిందా? ప్లగ్గు తీసి, బోర్డు మీది 3 వోల్టుల నాణెం బ్యాటరీని కాసేపు బయట పెట్టండి, సెట్టింగులు మొదటికి వస్తాయి.

కేబినెట్ రేకు కూడా అనుమానితుల్లో ఒకటి. మా భిలాయి రైలు పట్టాలకు, ప్లేట్లకు పేరుపొందింది. ఇలాంటి పలచని కోల్డ్ రోల్డ్ రేకు బొకారో లాంటి ప్లాంట్ల పని. ఎక్కడి ఉక్కు అయినా కరెంటును మోస్తుంది కాబట్టే బోర్డు రేకుకు తగలకుండా స్టాండాఫ్‌లనే పొట్టి ఇత్తడి కాళ్ల మీద నిలబెడతారు. బోర్డులో రంధ్రం లేనిచోట స్టాండాఫ్ ఒకటి మిగిలిపోయినా, కింద స్క్రూ దొర్లినా షార్ట్ అవుతుంది. అనుమానం వస్తే బోర్డును బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టండి. ప్రాసెసర్, దాని కూలర్, ఒక్క ర్యామ్, గ్రాఫిక్స్ మాత్రం ఉంచి నడపండి. బొమ్మ వస్తే మిగతావి ఒక్కొక్కటే కలపండి. ఒకేసారి రెండు మార్చితే ఏది దోషో ఎప్పటికీ తేలదు.

పాత సిస్టమ్ అయితే ర్యామ్ కాంటాక్టులు తుడవాల్సి రావచ్చు. ఉక్కు ఊళ్లో తుప్పు గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. బంగారం ఆక్సిజన్‌తో కలవదు గనకే ఆ కాంటాక్టులకు బంగారు పూత వేస్తారు. ఆ పూత మందం మామూలుగా ఒక మైక్రాన్ కూడా ఉండదు. పెన్సిల్ రబ్బరుతో గట్టిగా రుద్దితే దుమ్ముతోపాటు బంగారమూ పోతుంది. మెత్తని గుడ్డకు కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే చాలు.

పిల్లలకు గట్టిగా చెప్పాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఎస్ఎంపీఎస్ డబ్బా ఎప్పుడూ విప్పకూడదు. 230 వోల్టుల ఏసీ శిఖరం 325 వోల్టులు. లోపలి కెపాసిటర్లలో అంతకంటే ఎక్కువ కూడా ఉండొచ్చు. ప్లగ్గు తీశాక కూడా అది వెంటనే పోదు. రెండోది స్థిరవిద్యుత్తు. మన వేలికి చురుక్కుమనాలంటే సుమారు 3000 వోల్టులు ఉండాలి, చిప్పు చెడడానికి కొన్ని వందలు చాలు. అంటే మనకు తెలియకుండానే చెడగొట్టగలం. పొడిగాలి రోజుల్లో మరీ జాగ్రత్త. ప్లగ్గు తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, కేబినెట్‌లో రంగు వేయని ఇనుప భాగాన్ని తాకి, ఆ తర్వాతే బోర్డు మీద చెయ్యి వేయండి.

ఇవన్నీ చూసినా బొమ్మ రాకపోతే దుకాణానికి తీసుకెళ్లండి, తప్పేం లేదు. వెళ్లేముందు మాత్రం కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి: ఫ్యాన్లు తిరిగాయా, ఏ లైటు దగ్గర ఆగింది, బీప్‌లు ఎలా మోగాయి, ఆఖరున ఏం మార్చారు. కౌంటరు దగ్గర "డిస్‌ప్లే నహీ ఆ రహా" అని ఊరుకోకుండా ఆ కాగితం ఇవ్వండి. అక్కడివాళ్లకు వెతుకులాట తగ్గుతుంది, బాగున్న వస్తువును మీరు మార్చుకునే అవసరమూ తప్పుతుంది.