రెండు చేతులు

మానవుని గుండె ఇంచుమించు పిడికిలి యంత కండరము. అది హఠాత్తుగా ఆగినచో మనుష్యుడు కొలది క్షణములలోనే స్పృహ దప్పి కూలును. మెదడునకు ప్రాణవాయువు అందదు. నాలుగైదు నిమిషములు గడచునప్పటికి మెదడు చెడనారంభించును. అంతలో వైద్యుడు వచ్చి చేరుట అరుదు.

పూర్వము ఇట్టి సమయమున శస్త్రవైద్యులు రోగి రొమ్మును కోసి, గుండెను చేతబట్టి పిసుకుచుండెడివారు. అది వీధిలో జరుగు పని కాదు గదా! ఈ చిక్కు అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమందు విడినది. అచ్చటి ఆచార్యుడు విలియం కౌవెన్‌హోవెన్ వైద్యుడు కాడు, విద్యుత్తు ఇంజనీరు. లయ తప్పిన గుండెను విద్యుత్తుచేత సరిదిద్దు యంత్రము నాయన నిర్మించుచుండెను. 1950వ దశకము చివర ఆయన శిష్యుడు గై నికర్‌బాకర్, కుక్కలపై ప్రయోగములు చేయుచు ఒక వింతను గమనించెను. యంత్రపు బరువైన పలకలను రొమ్ముపై అదిమినంతనే, విద్యుత్తు ప్రసరింపక మునుపే, కుక్క రక్తపుపోటు కొంచెము పెరిగెను. మఱియొకడైనచో దానిని లక్ష్యపెట్టకుండెడివాడేమో! మరల మరల అదిమినచో రక్తమును నడపవచ్చునని వారికి తోచెను. శస్త్రవైద్యుడు జేమ్స్ జూడ్ వారితో చేరెను. 1960లో ముగ్గురును ఈ పద్ధతిని ప్రకటించిరి. నోటితో ఊపిరి ఊదు పద్ధతిని అదే నగరమున పీటర్ సఫార్ నిరూపించియుండెను. ఈ రెండును కలిసినదే నేటి సి.పి.ఆర్.

పడిపోయినవానిని భుజము తట్టి పిలువవలెను. పలుకక, శ్వాస లేకున్నచో వెంటనే 108కి ఫోను చేయింపవలెను. ఎగశ్వాసను చూచి ఊపిరి యున్నదని పలువురు మోసపోవుదురు. అది శ్వాస కాదు. రోగి నులకమంచముపై నున్నచో నేలకు దింపవలెను. మంచముపై అదిమినచో నులకయే క్రుంగును గాని రొమ్ము క్రుంగదు. రొమ్ము నడుమ, ఎముకపై, ఒక అరచేతి మడమ నుంచి, రెండవ చేతిని దానిపై నుంచి, మోచేతులు వంపక శరీరపు బరువుతో అదుమవలెను. పెద్దవారికి లోతు 5 సెంటీమీటర్లకు తగ్గరాదు, 6కు మించరాదు. వేగము నిమిషమునకు 100 మొదలు 120 వఱకు. అదిమిన ప్రతిసారియు రొమ్మును పూర్తిగా పైకి లేవనీయవలెను. గుండె రక్తముతో నిండునది అప్పుడే. శిక్షణ పొందినవారు 30 మార్లు అదిమి, రెండుమార్లు ఊపిరి ఊదుదురు. తక్కినవారు అదుముట మానకున్న చాలును. ప్రక్కటెముక విఱిగినను ఆగరాదు. ఈ పని మిక్కిలి అలసట గొల్పును. కావున రెండు నిమిషముల కొకసారి మనిషి మారవలెను. రొమ్మునొప్పితో బాధపడుచున్నను మాటాడుచున్న వానికి మాత్రము ఇది చేయరాదు.

మేల్కొనియున్నవారి రొమ్ముపై ఈ విద్య నభ్యసింపరాదు. 1960లో నార్వే దేశపు ఆటబొమ్మల తయారీదారు ఆస్మండ్ లెర్డాల్ ఇందులకై నిలువెత్తు బొమ్మను చేసెను. మొదట ఊపిరి ఊదుటకు, పిమ్మట రొమ్ము నదుముటకు గూడ అది పనికివచ్చెను. నేటి శిక్షకులును అట్టి బొమ్మలనే నేలపై పరుండబెట్టి, విద్యార్థులచే లెక్కబెట్టుచు అదిమింతురు.