నురగ పొంగితే బిరడా బిగించకండి

అమెరికాలో ఇంట్లో బీరు చేసుకునే మనవాళ్ల మధ్య ఒక సలహా తిరుగుతోంది. బిరడాకు అమర్చి వాయువును బయటికి వదిలే ఎయిర్‌లాక్‌లోంచి నురగ తన్నుకొస్తే బిరడా గట్టిగా బిగించి పైన టేపు చుట్టాలట, లేకపోతే బయటి గాలి దూరి బీరంతా పాడవుతుందట. దయచేసి ఈ మాట వినకండి. బీరు పులియబెట్టే గాజు పాత్రను, అంటే కార్బాయ్‌ని ఒత్తిడి తట్టుకోవడానికి తయారుచేయరు. అది పగిలితే ముక్కలు కళ్లలోకే రావచ్చు. (అక్కడ ఇంటి బీరుకు 1978 నాటి ఫెడరల్ చట్టం అనుమతి ఉంది. తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా చేస్తే నేరం. కనుక ఇది అక్కడివారికే.)

ఈస్ట్ తిన్న చక్కెర బరువులో దాదాపు సగం ఆల్కహాల్, సగం కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. 5 గ్యాలన్ల మామూలు ఏల్ పులిసేసరికి వెలువడే వాయువు 300 లీటర్లు దాటుతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి రెండు మూడు రోజుల్లోనే. అదంతా పోవడానికి ఉన్నది ఎయిర్‌లాక్‌లోని సన్నటి దారి ఒక్కటే. నురగతో పాటు లేచిన హాప్స్ పిప్పి అందులో ఇరుక్కుంటే ఆ దారీ మూసుకుపోతుంది. దానిమీద టేపు కూడా ఎందుకు చుట్టాలి?

లోపలినుంచి అంత వాయువు తోసుకొస్తుంటే బయటి గాలి ఎదురెక్కి రాలేదు. యార్క్‌షైర్‌లో, బవేరియాలో కొన్ని బ్రూవరీలు ఇప్పటికీ మూతలేని తొట్లలోనే పులియబెడుతున్నాయి. తాటిచెట్టు మీద కల్లుకుండకు ఎవరు బిరడా పెడతారు? గాలి భయంలో కొంత నిజముందని మాత్రం ఒప్పుకోవాలి. పొంగు తగ్గాక వాయువు పలచబడుతుంది, అప్పుడు గాలి తగిలితే రుచి చెడుతుంది. ఎయిర్‌లాక్ పెట్టాల్సింది అప్పుడు.

పొంగే రోజుల్లో దాని బదులు కార్బాయ్ మెడలో పట్టేంత లావు గొట్టం పెట్టి, రెండో కొస శానిటైజర్ కలిపిన నీళ్ల బకెట్‌లో ముంచండి. 5 గ్యాలన్లకు 6.5 గ్యాలన్ల పాత్ర తీసుకోండి. గోధుమ బీరైతే ఇంకాస్త ఖాళీ వదలండి. మామూలు ఏల్ ఈస్ట్‌కు 18–20 డిగ్రీల సెల్సియస్ చాలు. పులిసేటప్పుడు పుట్టే వేడికి బీరు గదికన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది కాబట్టి థర్మామీటర్ గోడకు కాకుండా పాత్రకే అంటించండి. వేడెక్కితే నీళ్ల టబ్బులో నిలబెట్టండి.

ఎక్కువ పొంగితే మత్తు ఎక్కువన్నది అబద్ధం, దాన్ని తేల్చేది చక్కెర. వేడికి మిథనాల్ పుట్టి చూపు పోతుందన్నదీ అబద్ధమే, వేడివల్ల పెరిగేది రుచిలో ఘాటు. బుడగలు ఆగితే పని అయిపోయినట్టు కాదు. బీరు సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ రెండు మూడు రోజుల తేడాతో ఒకే అంకె చూపకముందే సీసాల్లో నింపితే, ఆ సీసాలూ పేలతాయి.

ఎయిర్‌లాక్ ఇప్పటికే మూసుకుపోయి బిరడా ఉబ్బి కనిపిస్తే ముందు పిల్లల్ని గదిలోంచి పంపండి. కళ్లద్దాలు పెట్టుకుని, కార్బాయ్ మీద మందపాటి తువ్వాలు కప్పి, మొహం పక్కకు తిప్పుకుని బిరడాను కొద్దికొద్దిగా వదులు చేయండి. బుస్సుమనడం పూర్తిగా ఆగాక గొట్టం పెట్టండి.