సినిమాహాలులో మోటారుకార్లు

పెద్ద సినిమాహాలులో కూర్చున్నపుడు ఒకసారి తలయెత్తి చూడుడు. వందలమంది కూర్చున్న ఆ చోట నడుమ ఒక్క స్తంభమైనను కనబడదు. ఉన్నచో వెనుకవారికి తెర కనిపింపదు. మరి కప్పుబరువును మోయునది ఏది?

నాలుగు అట్టబద్దలను మూలలందు గుండుసూదులతో గ్రుచ్చి చతురస్రము చేయుడు. ఒక మూలను నొక్కగానే అది ప్రక్కకు ఒరుగును. మూడు బద్దలతో చేసిన త్రికోణము ఒరుగదు. భుజముల పొడవు మారనిదే దాని ఆకారము మారదు. ఇట్టి త్రికోణములను వరుసగా కూర్చిన ఉక్కుచట్రమునే ట్రస్సు అందురు. అది గోడనుండి గోడకు సాగి, కప్పుబరువును అంచులందున్న స్తంభములకు అందించును. ఇట్టి శాలలలో మనకు కనబడు నగిషీల కప్పు సాధారణముగా ఏ బరువును మోయదు. అది పైచట్రమునుండి వ్రేలాడదీసినది.

అమెరికాలోని డెట్రాయిట్ నగరమున 1926లో తెరచిన మిచిగన్ థియేటరు ఇట్టి మహాశాల. షికాగోకు చెందిన రాప్ అండ్ రాప్ అను వాస్తుశిల్పులు దానిని ఫ్రెంచి రాజప్రాసాదమువలె తీర్చిదిద్దిరి. ఆసనములు సుమారు 4,000. దానిని ఆనుకొని 13 అంతస్తుల కార్యాలయభవనము కలదు. టెలివిజను వ్యాపించి, జనులు శివారులకు తరలిపోగా శాలకు ఆదరణ తగ్గినది. కొంతకాలము సంగీతకచేరీలు జరిగి, 1976లో అది మూతబడినది.

ప్రక్క కార్యాలయములవారికి కార్లు నిలుపుటకు చోటు కావలసివచ్చినది. శాలను కూల్చుటయే సులభమని తోచును. కాని కూల్చినచో ఆనుకొనియున్న భవనపు నిలకడకే ముప్పని తేలినది. కావున 1977లో లోపలిభాగమును చాలవరకు ఖాళీచేసి, మూడంతస్తుల కార్లశాలను నిర్మించిరి. స్తంభములు లేని విశాలతయే ఇందుకు అక్కరకు వచ్చినది. రంగస్థలపు కమానును, నగిషీకప్పును నేటికిని కార్లపైన చూడవచ్చును.

ఇందొక విచిత్రమున్నది. 1896లో హెన్రీ ఫోర్డు తన మొదటి మోటారుబండిని ఈ స్థలముననే ఒక షెడ్డులో తయారుచేసెను. ద్వారము చాలక, బండిని వెలికి తెచ్చుటకు ఇటుకగోడను పగులగొట్టవలసివచ్చెను. నాడు కారుకొరకు గోడ కూలినది. తరువాత గోడ కూల్చరాదు గనుక కారే లోపలికి వచ్చినది.

మన ఊళ్లలోను పాత సినిమాహాళ్లు కల్యాణమండపములుగా, గోదాములుగా మారుచున్నవి. ఒక గోడను తొలగించుటకు ముందు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: దానిపై ఆధారపడి నిలిచినదేది? ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండ పలుగు చేపట్టరాదు.