కత్తెర పురుగు కణములలో టీకా మందు

మొక్కజొన్న వేయు రైతు సోదరులకు కత్తెర పురుగును గురించి క్రొత్తగా చెప్పవలసినది లేదు. అమెరికా ఖండమునకు చెందిన ఈ పురుగు 2018లో మన దేశమున మొదట కర్ణాటకలో కనబడి, ఆ యేడే మన చేలలోనికి వచ్చినది. మొవ్వులో దూరి, ఆకులను జల్లెడ చేసి, రంపపు పొట్టు వంటి రెట్టతో సుడిని నింపుచున్నది. ఇట్టి పురుగు నుండి తీసిన కణములలో మనుష్యులకు టీకా మందు తయారగుచున్నదనిన మీకు ఆశ్చర్యము కలుగవచ్చును.

మొన్న ఒక గ్రామమున జరిగిన రైతుల సమావేశములో ఒక పెద్దాయన లేచి, "ఆఫీసరు గారూ, కరోనా టీకాలో పురుగుల వైరసు కలిపినారట గదా! ఆ వైరసునే మీరు శనగ మీద చల్లమంటున్నారు. చేలో తిరిగే మా పిల్లలకు అది తగిలితే ఏమి గతి?" అని అడిగినారు. అందరును నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ భయముతోనే ఆ ఊరిలో కొందరు తెచ్చుకొన్న ఎన్.పి.వి. సీసాలను మూత విప్పకుండ ప్రక్కన పెట్టినారని తరువాత తెలిసినది. ఈలోగా శనగపచ్చ పురుగు కాయలోనికి దూరినది. కావున ఆయనకు చెప్పిన సమాధానమునే ఇక్కడ కొంచెము విపులముగా వ్రాయుచున్నాను.

ఎన్.పి.వి. సోకిన పురుగు మొక్క చివరకు ప్రాకి, తలక్రిందులుగ వ్రేలాడి చచ్చుట మీరు చూచియే యుందురు. చర్మము చిట్లి అందుండి కారు ద్రవములో కోట్లకొలది సూక్ష్మమైన స్ఫటికములుండును. ఒక్కొక్క స్ఫటికము వైరసుకు పాతర వంటిది. మనము విత్తనమును పాతరలో దాచినట్లు, వైరసు తన్ను తాను ఈ మాంసకృత్తు గోడల నడుమ దాచుకొని, ఎండకు వానకు ఓర్చుకొనును. మరొక పురుగు ఆకుతో బాటు దీనిని తిన్నప్పుడు, దాని కడుపులోని క్షార గుణమునకు గోడలు కరగి వైరసు బయటపడును. మన కడుపులో నున్నది ఆమ్లము. అంతేగాక మనుష్యులలోగాని, పశువులలోగాని, తేనెటీగలలోగాని ఈ వైరసు వృద్ధి చెందనేరదు. పట్టుపురుగులకు వచ్చు పాలరోగము కూడ ఈ కోవకు చెందినదే కాని దాని వైరసు వేరు. శనగపచ్చ పురుగు వైరసు పట్టుపురుగుకు సోకదు.

ఇప్పుడు టీకా సంగతి. పురుగు శరీరములో చేరిన వైరసు చివరి దశలో ఈ పాతరలు కట్టు పని మీదనే పడును. కణములోని మొత్తము మాంసకృత్తులలో నాలుగవ వంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, ఈ గోడల పదార్థమే యగును. ప్రయోగశాలలో ఎండ లేదు, వాన లేదు. గాజు పాత్రలోని కణములకు వైరసు నేరుగా సోకును గనుక పాతరతో పని లేదు. మరి ఆ గోడలు కట్టు జన్యువును తీసివేసి, దాని స్థానములో మనకు కావలసిన మాంసకృత్తు జన్యువును పెట్టిన యెడల ఏమగును? వైరసు అదే జోరుతో మనకు కావలసినదానిని తయారు చేయును!

1983లో అమెరికాలోని టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయమున మాక్స్ సమ్మర్స్, గేల్ స్మిత్ అను శాస్త్రజ్ఞులు ఇట్లే చేసి, ఇంటర్‌ఫెరాన్ అను మానవ మాంసకృత్తును పురుగు కణములలో ఉత్పత్తి చేసినారు. వారు వాడిన వైరసు లూసర్ను గడ్డిని తిను ఒక పురుగుది. కణములు మాత్రము మన కత్తెర పురుగువే. అమెరికా వ్యవసాయ శాఖ వారు 1970 దశకములోనే దాని ప్యూపాల అండాశయముల నుండి వానిని వేరుచేసి పెంచియుండిరి. వాని సంతతియే నేటికిని ఎస్‌ఎఫ్-9 అను పేరుతో ప్రపంచమంతట వాడుకలో నున్నది. 1985లో జపాను శాస్త్రజ్ఞుడు సుసుము మయెద పాలరోగపు వైరసును ఇట్లే మార్చి, బ్రదికియున్న పట్టుపురుగులలోనే ఇంటర్‌ఫెరాన్‌ను తయారు చేసి చూపినాడు.

కర్మాగారములో పురుగులుండవు. ఉక్కు తొట్టిలో చక్కెర, లవణములు మొదలైన ఆహారముతో, సుమారు 27 డిగ్రీల వెచ్చదనమున, గాలి పంపుచు కణములను పెంచెదరు. అవి బాగుగ వృద్ధి చెందిన పిమ్మట వైరసును కలిపెదరు. రెండు మూడు దినములలో పంట చేతికి వచ్చును. కణములు చచ్చును గనుక ప్రతి పర్యాయము క్రొత్త కణములతో మొదలు పెట్టవలసినదే. పిదప మాంసకృత్తును పలుమార్లు వడకట్టి శుద్ధి చేసి, మిగిలిన వైరసును నిర్వీర్యము చేసి తొలగించెదరు. టీకాగా ఎక్కించునది ఆ శుద్ధి చేసిన మాంసకృత్తునే. గర్భాశయ ముఖద్వార కాన్సరును నివారించు ఒక టీకా ఈ పద్ధతిలో తయారై 2007లో ఐరోపాలో అనుమతి పొందినది. 2021 డిసెంబరులో మన దేశమున అత్యవసర అనుమతి పొందిన కోవోవాక్స్ కూడ ఇట్టిదే. దానిలో మన కుంకుడు నురుగు వంటి గుణముగల ఒక చెట్టు బెరడు సారమును గూడ కలిపెదరు. అయితే మనలో అత్యధికులు వేయించుకొన్న కోవిషీల్డు, కోవాక్సిన్ టీకాలకు పురుగు కణములతో సంబంధము లేదు.

ఇంత విన్న పిమ్మట పెద్దాయన మరల లేచి, "అట్లయితే ఆ ఫ్యాక్టరీ వైరసునే తెచ్చి నా మొక్కజొన్నలో చల్లరాదా?" అన్నారు. మంచి ప్రశ్న. చల్లినను ప్రయోజనము లేదు. పాతర లేని వైరసు ఎండలో నిలువదు. పురుగు తిన్నను సరిగా సోకదు. చేలో పనికివచ్చునది గోడలు చెడని సహజమైన ఎన్.పి.వి.యే.

అందును ఏ పురుగు వైరసు ఆ పురుగుకే. శనగపచ్చ పురుగు ఎన్.పి.వి.ని కత్తెర పురుగు మీద చల్లి, పని చేయలేదని వాపోయిన రైతులను నేను చూచితిని. సీసా మీద ఏ పురుగు పేరు వ్రాసియున్నదో చదివి మరీ కొనుడు. పురుగు చిన్నదిగా నున్నపుడే, సాయంకాలము ఎండ తగ్గిన పిమ్మట, కొంచెము బెల్లము కలిపి పిచికారీ చేయవలెను. మొక్కజొన్నలోనైన కత్తెర పురుగు వైరసునే తెచ్చి, మందు మొవ్వులో పడునట్లు కొట్టవలెను. మరునాడే పురుగు చావలేదని రసాయనిక మందు కొట్టవద్దు. వైరసు పని చేయుటకు నాలుగు మొదలు ఏడు దినములు పట్టును.